గురువారాలు రోఖ్ ఎక్కడికి వెళ్ళేవాడు

లోడ్జ్,
24 అక్టోబరు 1934
(హిపోలిట్ చేతికిచ్చి పంపుతున్నాను)

మా ఫాదరమ్మకు,

కోప్పడకు. మిల్లులో నిన్ను అందరూ అలాగే అంటారు. "ఏమే సాల్కా, మీ అక్క పూజ చెప్పేటప్పుడు గొంతు బొంగురు చేసుకుంటుందా? మీసాలు అతికించుకుంటుందా?" అని మగ్గాల చప్పుడులో గొంతు చించుకుంటారు. నేనూ వాళ్ళతో పాటు నవ్వేస్తాను. నవ్వకపోతే ఇంకా ఏడిపిస్తారు. ఆడది బలిపీఠం ఎక్కడమేమిటని రోమ్ చర్చివాళ్ళు తిడతారు, అసలు బలిపీఠమే ఎందుకని మా కమ్యూనిస్టు పార్టీవాళ్ళు తిడతారు. నీకు అన్ని వైపుల నుంచీ దీవెనలే!

ఈ ఉత్తరం తెచ్చినవాడు నా మొగుడని నీకు చెప్పక్కర్లేదు. మీ ఊళ్ళో మాత్రం ఎవరికీ చెప్పకు. గుడి కప్పు బాగుచేయడానికి మఠం పంపిన వడ్రంగి అని చెప్పు. మగ్గం పట్టకముందు నిజంగానే వడ్రంగి కాబట్టి అబద్ధం సగమే. నువ్వు మఠంలో చేరి తెయోఫిలా అన్న పేరూ, ఇంటిపేరూ వదిలేసి సిస్టర్ సెరాఫినావి అయినప్పుడు నేను రెండు రోజులు ఏడ్చాను. ఇప్పుడు మనం అక్కాచెల్లెళ్ళమని అక్కడ ఎవరికీ తెలియదు కదా అని సంతోషంగా ఉంది.

ఆయనకు దగ్గు. పల్లె గాలి తగిలితే తగ్గుతుందన్నారు. వసంతం దాకా ఉండనివ్వు.

ఇంకొక మాట. మా మగ్గాల షెడ్డులో పనిచేసే రోఖ్ పియెత్రాషిక్ అనే అతను పోయిన గురువారం చనిపోయాడు. పేపర్లో చూసే ఉంటావు. హిపోలిట్‌కు స్నేహితుడు. ఆ సంగతి కదపకు, బాధపడతాడు.

నీ చెల్లెలు
సాల్కా


వోలా యెజోవా,
6 నవంబరు 1934
(వెన్న అమ్మే యూజెఫా చేత)

సాల్కా,

ఈ ఉత్తరం క్యాబేజీ ఆకులో చుట్టిన వెన్న ముద్ద కింద నీకు దొరుకుతుంది. యూజెఫా ప్రతి పక్షం లోడ్జ్ సంతకు వస్తుంది. చదవడం రాదు, అడగడం అంతకంటే రాదు. ఇకమీద ఆమె చేతికే ఇవ్వు. పోస్టులో రాయకు. మా పోస్టుమాస్టరు రోమ్ చర్చి పాటగాడు, మా కవర్లన్నీ దీపానికి అడ్డంపెట్టి చూస్తాడు.

నీ మొగుడు వచ్చాడు. వచ్చి పన్నెండు రోజులైంది. ఈ పన్నెండు రోజుల్లో ఒక్కసారి కూడా దగ్గలేదు.

దగ్గడు గానీ, కుక్క మొరిగితే చేతిలో సుత్తి పట్టుకునే తలుపు వెనక్కి పోతాడు. బూట్లతోనే పడుకుంటాడు. పులిసిన రై పిండి చారు పోస్తే గిన్నె చల్లారేదాకా దాన్నే చూస్తూ కూర్చుంటాడు. కప్పు మాత్రం బాగానే వేస్తున్నాడు. పైన కూర్చుంటే రోడ్డు రెండు మైళ్ళ దూరం కనిపిస్తుంది. అందుకే దిగడం లేదని నాకు తెలుసు.

మొన్న ఆదివారం రోమ్ చర్చి కుర్రకారు మా గోడ మీద రాళ్ళేసి "మేకలోళ్ళు! మేకలోళ్ళు!" అని అరిచారు. రోమ్ నుంచి విడిపోయి మా సంఘాన్ని పెట్టిన మాతమ్మ ఇంటిపేరులో మేక ఉంది కాబట్టి ముప్పై ఏళ్ళుగా మాకు ఈ బిరుదు. మేం అలవాటుపడ్డాం. మన భాషలో పాడుకుంటున్న పాట ఆపలేదు. హిపోలిట్ మాత్రం బెంచీ కిందికి దూరాడు. అది రాళ్ళకు భయపడే మనిషి దూరిన తీరు కాదు.

నువ్వు నాకు చిన్నప్పుడు ఎన్ని అబద్ధాలు చెప్పినా చెవి లాగి వదిలేశాను. ఇది అలాంటిది కాదు. నా గుడిలో ఎవరిని దాచానో నాకు తెలియాలి. ఏం జరిగింది?

అక్క


లోడ్జ్,
19 నవంబరు 1934
(యూజెఫా చేత)

అక్కా,

అడిగావు కాబట్టి చెబుతున్నాను. చదివి పొయ్యిలో వెయ్యి.

రోఖ్‌ను కాల్చి చంపారు. అతను పోలీసుల మనిషి.

మా పార్టీ రహస్య జట్టులో ఏడుగురం ఉండేవాళ్ళం. వేసవిలో ఇద్దరిని పట్టుకుపోయారు. ఒకరు ఇప్పటికీ బెరెజా నిర్బంధ శిబిరంలో ఉన్నారు. అక్కడి నుంచి వచ్చినవాళ్ళు ఎలా ఉంటారో నేను చూశాను, నిద్రలో కూడా మోకాళ్ళ మీదే ఉంటారు. కరపత్రాలు అచ్చేసే చోటు మాకు తప్ప ఎవరికీ తెలియదు, పోలీసులు తిన్నగా అక్కడికే వచ్చారు. అంటే మాలో ఎవరో నోరు విప్పారు. ఎవరు?

రోఖ్ ప్రతి గురువారం సాయంత్రం మాయమయ్యేవాడు. ఎక్కడికిరా అంటే ఒకసారి పంటి డాక్టరంటాడు, ఇంకోసారి మేనత్తకు బాగాలేదంటాడు. అతనికి మేనత్తే లేదు, కనుక్కున్నాం. ఒకరు వెంట వెళ్ళి చూశారు. రంగుల కర్మాగారం వెనక సందులోకి తిరిగాడు. ఆ సందులో పోలీసు ఠాణా ఉంది. ఇంకేం కావాలి?

కాల్చింది వార్సా నుంచి వచ్చిన మనిషి. ఆ రాత్రే సరిహద్దు దాటేశాడు. హిపోలిట్ సందు చివర కాపలా నిలబడ్డాడు, అంతే. కానీ పోలీసులకు వాడి పేరొక్కటే దొరికింది. నన్ను రెండుసార్లు పిలిపించారు. మొగుడు నన్ను వదిలేసి పోయాడని ముక్కు చీదుతూ చెప్పాను. నమ్మినట్టే ఉన్నారు.

మాట విను, నన్ను అసహ్యించుకోకు. నువ్వు దేవుడి కోసం ఇల్లు వదిలావు, నేను నేత పనివాళ్ళ కోసం దేవుణ్ణి వదిలాను. పోయినేడాది సమ్మెలో పోలీసు గుర్రాలు మా మీదికి వచ్చినప్పుడు ఎవరు వచ్చి అడ్డం పడ్డారు? పిరికితనంతో పదిమందిని అమ్మేసేవాడి మీద జాలి చూపిస్తే రేపు పదిమందీ బెరెజాలో ఉంటారు.

మెట్ల మీద బూట్ల చప్పుడు వినిపిస్తే చాలు, చేతులు చల్లబడిపోతాయి. కింది వాటా ఆయన పనికి పోయి వస్తాడు, అంతే. అయినా రోజూ చల్లబడతాయి.

సాల్కా


వోలా యెజోవా,
27 డిసెంబరు 1934
(యూజెఫా చేత)

సాల్కా,

నీ ఉత్తరం కాల్చేశాను. అందులో ప్రతి మాటా గుర్తుంది, అదే బాధ.

క్రిస్మస్ ముందు రోజు సాయంత్రం బల్ల కింద గడ్డి పరిచి, పలుచని అప్పం విరుచుకుని ఒకరికొకరం పెట్టుకున్నాం. హిపోలిట్ వంతు వచ్చేసరికి అప్పం వాడి చేతిలోంచి జారి గడ్డిలో పడింది. "వదినా, నేను తినకూడదు" అన్నాడు. బల్ల దగ్గర మూడో మనిషి ఉండగా వదినా అన్నాడు! గుడి ఊడ్చే ముసలి మార్త చెవిటిది కాకపోతే ఆ పూటే మన పని అయిపోయేది.

మర్నాడు గుడికి వచ్చాడు. మా దగ్గర గురువు చెవిలో పాపాలు చెప్పే పాపసంకీర్తనం పద్ధతి తీసేసి నాలుగేళ్ళయింది. బలిపీఠం ముందు మోకరించి ఎవరికి వారు మనసులోనే దేవుడికి చెప్పుకుంటారు. చెవికీ దేవుడికీ మధ్య మనిషి ఎందుకని నేనే ఎన్నోసార్లు బోధించాను. నీ మొగుడు రోమ్ పద్ధతిలో పెరిగినవాడు. మనసులో చెప్పుకోవడం వాడికి చేతకాలేదు. పైకే చెప్పాడు. ఏడుస్తూ, పేర్లతో సహా చెప్పాడు. నేను మూడడుగుల దూరంలో కొవ్వొత్తుల మైనం గీకుతున్నాను. లేచి వెళ్ళిపోవాల్సింది. వెళ్ళలేదు.

ఏం విన్నానో రాయను. నిన్నే అడుగుతాను. గురువారం సాయంత్రం అంటే ఎన్ని గంటలకు? రోఖ్ ఎన్నింటికి వెళ్ళేవాడు, ఎన్నింటికి వచ్చేవాడు?

ఇంకో ప్రశ్న. రంగుల కర్మాగారం వెనక సందులో ఠాణా ఒక్కటే ఉందా, సాల్కా?

నిన్న ఒక పోలీసు సైకిల్ మీద వచ్చి ఊళ్ళో కొత్తవాళ్ళెవరైనా ఉన్నారా అని అడిగాడు. వడ్రంగి ఉన్నాడని చెప్పాను. పేరు రాసుకోలేదు. గుడి కప్పు వైపు చాలాసేపు చూసి వెళ్ళాడు.

అక్క


లోడ్జ్,
8 జనవరి 1935
(యూజెఫా చేత)

అక్కా,

ఆరింటికి వెళ్ళేవాడు, ఏడు దాటాక వచ్చేవాడు. ఎందుకు? ఈ వెతుకులాట ఎందుకు మొదలుపెట్టావు? నువ్వు గురువమ్మవా, పోలీసువా?

హిపోలిట్ ఏం చెప్పాడు? నా గురించి ఏమైనా అన్నాడా? వాడికి జ్వరం వస్తే పిచ్చి మాటలు మాట్లాడతాడు. ఆ వారమంతా జ్వరంతోనే ఉన్నాడు, మంచం దిగలేదు. వాడి మాటలు పట్టించుకోకు.

వాణ్ణి ఫిబ్రవరి చివర్లో సరిహద్దు దాటిస్తారు. అందాకా వాణ్ణి దాచు, నువ్వూ నోరు మూసుకో. ప్రశ్నలు వద్దు. దణ్ణం పెడతాను.

సాల్కా


వోలా యెజోవా,
4 ఫిబ్రవరి 1935
(యూజెఫా చేత. భయపడుతోంది, ఇకమీద తేనంటోంది)

సాల్కా,

హిపోలిట్‌ను పట్టుకుపోయారు.

మొన్న శనివారం, కొవ్వొత్తుల పండగ. జనమంతా వెలిగించిన కొవ్వొత్తులతో నిలబడి ఉన్నారు. నేను పాత్ర పైకెత్తి ఉన్నాను. వెనక తలుపు తెరుచుకుని గాలి వచ్చి ముందు వరుస దీపాలు ఆరిపోయాయి. ఆరుగురు వచ్చారు. టోపీలు తీయలేదు. నా చేతులు దించాలో, ఎత్తే ఉంచాలో తెలియలేదు. హిపోలిట్ పరుగెత్తలేదు. తన కొవ్వొత్తి పక్కనున్న ఆవిడకిచ్చి, "నేనే కాల్చాను. ఇక్కడ ఎవరికీ ఏమీ తెలియదు" అన్నాడు. వాళ్ళు ఇంకా ఏమీ అడగనే లేదు.

నువ్వేమో కాపలా నిలబడ్డాడన్నావు. తర్వాతి ఉత్తరంలో ఆ వారమంతా మంచం దిగలేదన్నావు. నీ రెండు ఉత్తరాలూ ఒకదాన్నొకటి చూసుకోలేదు.

ఇక రోఖ్ సంగతి. లోడ్జ్ గుడిలో ఎవరు ఏ గంటకు ఆరాధనకు మోకరిస్తారో చిట్టా రాసే సిస్టర్ అగాతాకు ఉత్తరం రాశాను. జవాబు వచ్చింది. రోఖ్ పియెత్రాషిక్, గురువారం, సాయంత్రం ఆరు నుంచి ఏడు. పదకొండేళ్ళుగా ఒక్క వారం మానలేదు. అక్టోబరు పద్దెనిమిది గురువారం కూడా వచ్చాడు. ఆ తర్వాత రాలేదేమని ఆవిడ నన్నే అడిగింది, ఒంట్లో బాగాలేదా అని.

అతను మనవాడు, సాల్కా. మీ జట్టులో మేకలోడివి అని నవ్వుతారని దాచుకున్నాడు. బలిపీఠం మీద ఉంచిన సత్ప్రసాదం ముందు వారానికో గంట మోకరించడానికి పంటి డాక్టరనీ, మేనత్తనీ అబద్ధాలాడాడు. ఆ గంట నీకు తెలియనిదా? మనిద్దరం సోమవారం నాలుగు నుంచి ఐదు, అమ్మకు అటూ ఇటూ మోకరించేవాళ్ళం. నువ్వు తూగితే అమ్మ గిల్లేది.

వెంట వెళ్ళి చూసినవాళ్ళెవరు?

అక్క


లోడ్జ్,
11 ఫిబ్రవరి 1935
(పోస్టులో)

గౌరవనీయులైన సిస్టర్ సెరాఫినా గారికి,

మీ ఊరి వెన్న బాగుంటుందని విని రాస్తున్నాను. మీకు నేనెవరో తెలియదు.

గురువైనవారు గుడిలో విన్నది బయట చెప్పకూడదని, కోర్టు కూడా వారిని బలవంతం చేయదని మా పెద్దలు అంటుంటారు. మీరు గురువు గారే కదా. ఆ మాట గుర్తుపెట్టుకోవలసిందిగా కోరుతున్నాను. ఎవరేమడిగినా మీరు గురువునని చెప్పండి.

వెన్న ఇప్పుడే వద్దు.

ఒక కొనుగోలుదారు


వోలా యెజోవా,
22 మార్చి 1935
(ఊళ్ళో నేత పనాయన మగ్గం సామాను కోసం వస్తున్నాడు, అతని చేత)

సాల్కా,

నీ వెన్న ఉత్తరం పోస్టుమాస్టరు నాకు ఇస్తూ నవ్వాడు. కవరు మళ్ళీ అంటించి ఉంది.

నన్ను కోర్టుకు పిలిచారు. హిపోలిట్ బలిపీఠం ముందు ఏడుస్తూ ఏదో చెప్పాడనీ, సిస్టర్ విన్నదనీ ముసలి మార్త అమాయకంగా చెప్పేసింది. వినలేదు గానీ, చూసింది కదా. విచారణ చేసే జడ్జి మర్యాదస్తుడు. కుర్చీ వేయించాడు.

"మీరు గురువైతే రహస్యం మీ దగ్గరే ఉంచుకోండి. మీరు గురువేనా?" అన్నాడు.

నాలుగు రోజుల ముందైతే అవునండీ అని తల ఎత్తి చెప్పేదాన్ని. ప్వోట్స్క్‌లోని మా పెద్ద మఠంలో పెద్దలు రెండుగా చీలిపోయారు. ఆడవాళ్ళకు ఈ గురువు అంగీ ఇచ్చిన పెద్దాయనను దించేశారు. ఆడవాళ్ళు ఇకమీద పూజ చేయకూడదని కాగితం వచ్చింది. ఆ కాగితం జడ్జి గారి బల్ల మీద నాకంటే ముందే ఉంది. ఆయన వేలితో దాన్ని నా వైపు జరిపాడు.

"పోనీ, అది పాపసంకీర్తనమా?"

మా సంఘంలో పాపసంకీర్తనం లేదు. అది అక్కర్లేదని ఊరూరా తిరిగి చెప్పిందాన్ని నేనే. అవునంటే అబద్ధం, కాదంటే నోరు విప్పాలి. "దూరంగా ఉన్నాను, గుర్తులేదు" అన్నాను. నా జీవితంలో అంత పెద్ద అబద్ధం ఎప్పుడూ ఆడలేదు. బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుండిపోయాను.

ఏప్రిల్ ముప్పైన విచారణ. అక్కడ ప్రమాణం చేయించి అడుగుతారు. హిపోలిట్ తానే కాల్చానని సంతకం పెట్టాడు. వకీలు ఉరి అంటున్నాడు.

ఇక నీ దగ్గర దాచను. వాడు ఆ రోజు దేవుడికి చెప్పింది ఇది. "నేను ఇంట్లో జ్వరంతో ఉన్నాను. అక్కడున్నది సాల్కా. వేలు పెట్టి చూపించింది సాల్కా. వాళ్ళు నా వెంట పడితే ఆమెను వదిలేస్తారని పారిపోయి వచ్చాను. ఈ అబద్ధం క్షమించు" అని. మూడు నెలలుగా నీ నోటితో వినాలని చూస్తున్నాను. నువ్వు చెప్పలేదు.

నిన్ను అప్పగించమని నా దేవుడు కూడా నన్ను అడగలేడు. కానీ వాణ్ణి చంపనివ్వమని కూడా అడగలేడు. ఏం చేయమంటావో నువ్వే చెప్పు.

అక్క


లోడ్జ్,
5 ఏప్రిల్ 1935
(అదే నేత పనాయన చేత)

అక్కా,

వెంట వెళ్ళింది నేనే.

సెప్టెంబరులో ఒక గురువారం. అతను ముందు, నేను వెనక. రంగుల కర్మాగారం దాటి సందు మలుపు తిరిగాడు. నేనూ తిరగాలి. తిరిగితే ముందు మన గుడి గేటు, ఆ తర్వాత ఠాణా. గేటు దగ్గర సిస్టర్ అగాతా ఎప్పుడూ కూర్చుని ఉంటుంది. నన్ను చూస్తే "సాల్కా, వచ్చావా తల్లీ!" అని వీధంతా వినబడేలా అరిచి కౌగిలించుకుంటుంది. మిల్లువాళ్ళెవరైనా చూస్తే? అక్క గురువమ్మే గానీ సాల్కా మేకలోళ్ళ పిల్ల కాదని అనిపించుకోవడానికి ఏడేళ్ళు కష్టపడ్డాను అక్కా. సిగ్గేసింది. అంతే, ఇంకేం కాదు. మలుపు దగ్గరే ఆగి వెనక్కి వచ్చేశాను.

"ఠాణాలోకి వెళ్ళాడు. కళ్ళారా చూశాను" అని చెప్పాను. కళ్ళారా అన్న మాట నన్నెవరూ అడగలేదు, నేనే కలిపాను.

కాల్చడానికి వచ్చిన రోజు వార్సా మనిషికి రోఖ్ ముఖం తెలియదు. చూపించడానికి నన్ను పంపారు. సందు చివర నిలబడ్డాను. రోఖ్ నన్ను చూసి భయపడ్డాడు, తన గుట్టు బయటపడిందని. తర్వాత నవ్వాడు. "నువ్వూ వచ్చావా సాల్కా? నేనొక్కణ్ణే అనుకున్నాను" అన్నాడు. ఆ మాటకు అర్థం నాకు అప్పుడు తెలియలేదు. ఫిబ్రవరిలో నీ ఉత్తరం చదివాక తెలిసింది. నేను వేలు ఎత్తాను. అతను నవ్వుతూనే ఉన్నాడు.

నీ ఉత్తరం వచ్చినప్పటి నుంచి అన్నం సయించడం లేదు. మొన్న ఆ జడ్జి దగ్గరికి వెళ్ళి అంతా చెప్పాను. ఆయన సాంతం విని నిట్టూర్చాడు. "అమ్మా, నీ మొగుడు నిన్ను వదిలేసి పోయాడని రెండుసార్లు ఏడ్చావు. ఇప్పుడేమో వాడి కోసం ఉరికంబం ఎక్కుతానంటున్నావు. నా దగ్గరికి వచ్చే ప్రతి భార్యా ఇదే చెబుతుంది. వాడు తానే చేశానంటున్నాడు. ఇంటికి పో" అన్నాడు. పార్టీవాళ్ళు చెప్పరు, వాళ్ళు నన్ను చూసి వీధి దాటేస్తున్నారు.

నా మాట ఎవరూ నమ్మరు. హిపోలిట్ నోటి నుంచి, పట్టుబడక ముందు, దేవుడికి చెబుతుండగా విన్నది నువ్వొక్కతివే. నువ్వు చెబితే నమ్ముతారు. రా అక్కా. వచ్చి నా పేరు చెప్పు.

సాల్కా


వోలా యెజోవా,
13 ఏప్రిల్ 1935

చెల్లీ,

నావల్ల కాదు.

నిజం చెప్పు, నిజం చెప్పు అని నిన్ను అన్నేసి ఉత్తరాల్లో పీడించాను. చెప్పావు. ఇప్పుడు ఆ నిజాన్ని నా నోటితో పలకమంటే నేనే వెనక్కి పోతున్నాను. నిన్ను ఎత్తుకుని పెంచాను. నీకు పాలపళ్ళు ఊడితే కప్పు మీదికి విసిరింది నేనే. నా వేలితో నిన్ను ఎలా చూపించను?

బెంచీలు ఖాళీ అయిపోయాయి. సగం మంది కొత్త పెద్దల వైపు వెళ్ళారు, సగం మంది రోమ్ చర్చికి తిరిగి వెళ్ళారు. అంగీ మడిచి పెట్టెలో పెట్టాను. ఖాళీ గుడిలో కూర్చుని ధైర్యం అడుగుతున్నాను. రావడం లేదు.

జ్వరం వచ్చిందని కోర్టుకు రాసేస్తాను. నన్ను క్షమించు.

అక్క


లోడ్జ్,
24 ఏప్రిల్ 1935

అక్కా,

జ్వరం అని రాయకు. హిపోలిట్ కూడా జ్వరంతోనే ఉన్నాడు, వాణ్ణి నా బదులు తీసుకుపోయారు.

ఉరి అంటే నాకు చచ్చేంత భయం. గొంతు మీద రుమాలు కూడా కట్టుకోలేకపోతున్నాను. కానీ వాణ్ణి ఉరికి పంపి నేనొక్కదాన్నే ఈ గదిలో ఇంకో నలభై ఏళ్ళు బతకడం దానికంటే భయంగా ఉంది. ముప్పైన మూడో వరుసలో కూర్చుంటాను. నా వైపు చూడాలంటే చూడు, లేకపోతే లేదు. రా.

సాల్కా


లోడ్జ్,
12 మే 1935
సాల్కాకు, ఆడవాళ్ళ జైలు

చెల్లీ,

ఈ ఉత్తరం నీకంటే ముందు జైలరమ్మ చదువుతుంది. చదవనీ. మన దగ్గర దాచుకోవడానికి ఇంకేమీ లేదు.

ఆ రోజు జరిగింది నువ్వు చూశావు, కానీ నా లోపల జరిగింది నీకు తెలియదు. అది చెప్పకపోతే నాకు ఊపిరాడదు.

జడ్జి గారు పేరు అడిగారు. సెరాఫినా అనబోయి తెయోఫిలా అన్నాను. వృత్తి అడిగారు. ఏమని చెప్పను? గురువును కాను, సిస్టర్‌నో కాదో తెలియదు. "నేను ముద్దాయి భార్య అక్కనండీ" అన్నాను. గదిలో గుసగుసలు లేచాయి. జడ్జి గారు కళ్ళజోడు తీసి, చాలా మెల్లగా, "అలాగైతే ఈ కేసులో మీరు సాక్ష్యం చెప్పక్కర్లేదమ్మా. దగ్గరి చుట్టాలు కాబట్టి చట్టం మిమ్మల్ని వదిలేస్తుంది. దిగి వెళ్ళిపోవచ్చు. ఎవరూ ఏమీ అనరు" అన్నారు.

నేను సంతోషపడ్డాను, సాల్కా. అది నీకు తెలియాలి. దేవుడు తలుపు తీశాడనుకున్నాను. గురువునా కాదా, సంకీర్తనమా కాదా అని మూడు నెలలు చచ్చాను. ఇప్పుడు అక్కనైతే చాలట. మెట్టు దిగడానికి కాలు కూడా ఎత్తాను. హిపోలిట్ బోనులోంచి నా వైపు చూసి తల ఊపాడు, వెళ్ళు వదినా అన్నట్టు. వాడి ముఖం కూడా వెలిగింది. మేమిద్దరం కలిసి నిన్ను దాచేయబోయాం, వాడి మెడ ఖర్చుతో.

అప్పుడు నీ వైపు చూశాను. నువ్వు ఏడవడం లేదు. చేతులు రెండూ ముందు బెంచీ మీద పెట్టి, చిన్నప్పుడు పంతులమ్మ పిలవబోతుంటే కూర్చున్నట్టు కూర్చున్నావు.

"చెబుతానండీ" అన్నాను. చెప్పాను. నీ పేరు మూడుసార్లు పలకాల్సి వచ్చింది, గుమాస్తాకు సరిగా వినబడలేదట. హిపోలిట్ "అబద్ధం! వదినా, అబద్ధం చెప్పకు!" అని అరుస్తూనే ఉన్నాడు. వాణ్ణి బయటికి ఈడ్చుకుపోయాక నీ దగ్గరికి పోలీసు వచ్చాడు. నువ్వే ముందు లేచి నిలబడ్డావు.

వాణ్ణి ఎనిమిదో తారీఖున వదిలేశారు. ఊరికి వెళ్ళకుండా ఇక్కడే లోడ్జ్‌లో ఆగిన నా దగ్గరికి వచ్చాడు. లోపలికి రమ్మంటే రాలేదు. "నేను ఆమెకు ఇచ్చింది మీరు లాక్కున్నారు" అని గుమ్మంలోనే నిలబడి అన్నాడు. వదినా అనలేదు. జైలు ఎదురుగా ఉన్న వీధిలో గది తీసుకున్నాడట. నీ కిటికీ ఏదో తెలియక అన్ని కిటికీల వైపూ చూస్తుంటాడని సిస్టర్ అగాతా చెప్పింది.

నీ తీర్పు జూన్‌లో. వేలు చూపించినదానికి ఉరి వేయరని వకీలు అంటాడు. ఆ మాట అనేటప్పుడు నా కళ్ళలోకి చూడడు, కాగితాలు సర్దుకుంటాడు. నేను మళ్ళీ మళ్ళీ అడుగుతాను, ఆయన మళ్ళీ మళ్ళీ సర్దుకుంటాడు.

నన్ను క్షమించావో లేదో రాయకు, నాకు చదివే ధైర్యం లేదు. తింటున్నావా, వెచ్చగా ఉందా, అది రాయి.

నిజం చెప్పేస్తే భయం పోతుందని ఆరేళ్ళు బలిపీఠం ఎక్కి జనానికి చెప్పాను, సాల్కా. చెప్పేశాను. పోలేదు.

నీ అక్క
తెయోఫిలా